సర్‌వరఖ్ మీద ఒక ఐన్

మా అమ్మాయి డిజైన్ కోర్సు మూడో సంవత్సరం చదువుతోంది. మొన్న రంజాన్ పండగ అయిన రెండో వారంలో కాలేజీలో ఒక పని ఇచ్చారు. ఒక మ్యూజిక్ మేగజీన్ ఉందనుకుని దానికి పేరు పెట్టి, మొదటి సంచిక కవర్ తయారు చెయ్యాలి. ఏ సంగీతమైనా సరే, స్టాల్ ముందు నుంచి నడిచిపోయే మనిషి మాత్రం ఆగాలట.

"అమ్మీ, ఆదివారం ఆబిడ్స్ పోదామా?" అంది.

హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్ళకు ఆదివారం ఆబిడ్స్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి పెడతారు. ఇంజనీరింగ్ గైడ్ల పక్కన దీవాన్లు, వాటి పక్కన వంటల పుస్తకాలు. మేము ఎండ ముదరకముందే వెళ్ళి, పాత పత్రికల కుప్పల ముందు కూర్చున్నాం.

అక్కడ ఒక సంగతి గమనించాను. ఏ పత్రికా పూర్తిగా కనపడదు. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పైన నాలుగు వేళ్ళ మందం కనపడుతుంది, లేకపోతే ఎడమ పక్కన సన్నటి పట్టీ కనపడుతుంది. "అందుకే అమ్మీ, పేరు పైన పెడతారు. లోపల ఏమున్నాయో చెప్పే లైన్లు ఎడమ వైపు పెడతారు. స్టేషన్ స్టాల్‌లో కూడా ఇంతే కనపడుతుంది" అని మా అమ్మాయి వివరించింది. ముప్పై ఏళ్ళుగా పత్రికలు కొంటున్నాను గానీ, నాకు ఈ ఖయాల్ ఎప్పుడూ రాలేదు.

రెండు గంటలు వెతికితే మంచి సౌదా దొరికింది. 1983లో మద్రాసులో మొదలైన 'శ్రుతి' పాత సంచికలు మూడు, 1993లో అలహాబాద్‌లో మొదలైన 'రాక్ స్ట్రీట్ జర్నల్' ఒకటి, అమెరికా పత్రిక 'రోలింగ్ స్టోన్' రెండు, అట్టలు నలిగిన ఇంగ్లిష్ పాటల పత్రికలు ఇంకొన్ని. బేరం నేనే ఆడాను. ఆ హునర్ మా అమ్మాయికి ఇంకా రాలేదు.

ఇంటికొచ్చాక వాటన్నిటినీ తఖ్త్ మీద పరిచింది. ఇంట్లో వాళ్ళందర్నీ పిలిచి, "మూడు లెక్కపెడతా. ఆలోపు ఒకదాని మీద చెయ్యి పెట్టండి" అంది. మా అబ్బాయి గిటార్ బొమ్మ మీద పెట్టాడు. మా ఆయన అన్నిటికంటే తక్కువ అక్షరాలున్న దాని మీద పెట్టారు. నేను ఒక గాయని ముఖం మీద పెట్టాను. ఎందుకో అడిగితే, "నన్నే చూస్తున్నట్టుంది" అన్నాను. మా అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది. కవర్ మీది మనిషి కళ్ళు నేరుగా చూస్తుంటే మనం ఆ చూపు దాటి పోలేమట. ఎవరో పిలిచినట్టే ఉంటుందట.

మా అబ్బా మాత్రం దేని మీదా చెయ్యి పెట్టలేదు. ఒక పత్రిక తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, అద్దాలు సర్దుకుని, పేరులోని అక్షరాల అంచులు చూస్తూ నిలబడ్డారు.

మా అబ్బా కాతిబ్. నల్లగొండ నుంచి వచ్చి, చార్మినార్‌కి దగ్గర్లో ఉన్న ఛత్తా బజార్‌లో ఇరవై ఆరేళ్ళు కితాబత్ చేశారు. షాదీ రుఖ్ఖాలు, మద్రసాల సనదులు, ఉర్స్ పోస్టర్లు, చిన్న చిన్న రిసాలాల సర్‌వరఖ్‌లు. కవర్‌ని అబ్బా ఎప్పుడూ సర్‌వరఖ్ అనే అంటారు. పైన పేరున్న చోటుని పేషానీ అంటారు. పేషానీ అంటే నుదురు. "మనిషిని చూడగానే నుదురు కనపడుతుంది. పత్రికకూ అంతే" అనేవారు.

మా చిన్నప్పుడు ఇంట్లో 'షమా' వచ్చేది. 1939లో ఢిల్లీలో మొదలైన ఉర్దూ పత్రిక. సినిమా, అదబ్ కలిపి వేసేవాళ్ళు. అమ్మీ ముఅమ్మాలు నింపటానికి కొనేది, మేము హీరోయిన్ల ఫొటోలు చూడటానికి ఎగబడేవాళ్ళం. అబ్బా అట్ట మీద చెయ్యి అడ్డం పెట్టి ముఖాన్ని కప్పేసి, ఆ పేరొక్కటే చూసేవారు. మాకు నవ్వొచ్చేది. అబ్బా షరమ్ పడుతున్నారనుకునేవాళ్ళం. ఆయన చూసేది రాత అని పెద్దయ్యాక అర్థమైంది.

సంగీతం విషయంలో మా ఇల్లు మీ ఇళ్ళలాంటిదే. రేడియో ఉండేది. అజాన్ వినపడగానే ఎవరో ఒకరు లేచి గొంతు తగ్గించేవాళ్ళు. సాజ్ జాయెజా కాదా అని చుట్టాలు బహస్ పెట్టుకుంటే, అబ్బా చాయ్ తాగుతూ వినేవారు. "ఉలమాలలోనే ఇఖ్తిలాఫ్ ఉంది, నేనేం చెప్తాను" అనేవారు. కానీ ఉర్స్ రోజు రాత్రి ఖవ్వాలీ మొదలైతే, తెల్లారి ఫజర్ దాకా ఇంటికి రారు.

సరే, తఖ్త్ దగ్గరికొస్తాను. మా అమ్మాయి 'రోలింగ్ స్టోన్' పాత కవర్లు కొన్ని కాలేజీలో రంగుల్లో ప్రింట్ తీసుకొచ్చింది. మొదటి సంచిక 1967 నవంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో వచ్చింది. పెట్టిన జాన్ వెన్నర్‌కి అప్పటికి 21 ఏళ్ళు. కవర్ మీద బీటిల్స్ జాన్ లెనన్ సిపాయి టోపీతో ఉన్నాడు. ఒక సినిమాలో వేషం అది. "చూడు అమ్మీ, పత్రిక పేరు అప్పుడు ఎవరికీ తెలీదు. అందుకే అందరికీ తెలిసిన ముఖం పెట్టారు. ముఖం పట్టుకుని పేరు పరిచయం చేశారు" అంది.

తర్వాతది 1981 జనవరిది. దాన్ని చూపించటానికి మా అమ్మాయి కొంచెం జంకింది. లెనన్ ఒంటి మీద బట్టల్లేకుండా, పిల్లాడిలా ముడుచుకుని భార్య యోకో ఓనోని పట్టుకుని ఉంటాడు. ఆవిడ నిండా బట్టలు వేసుకుని ఉంటుంది. నేను కళ్ళు తిప్పుకున్నాను. ఆ ఫొటోను ఆనీ లీబోవిట్జ్ తీసింది 1980 డిసెంబర్ 8న. అదే రోజు రాత్రి లెనన్‌ని కాల్చి చంపారు. పత్రిక ఆ ఫొటో వేసి, దాని మీద హెడ్‌లైన్ ఏదీ పెట్టలేదు. 2005లో అమెరికా పత్రికా సంపాదకుల సంఘం నలభై ఏళ్ళ కవర్లలో దీన్నే మొదటి స్థానంలో పెట్టింది.

ఈ కహానీ విన్నాక మళ్ళీ చూశాను. ఇప్పుడు నాకు అందులో ఒళ్ళు కనపడలేదు, గమ్ కనపడింది. అలాంటి ఫొటో నా ఇంట్లో గోడకి పెట్టను. అది వేరే మాట. కానీ అందరూ గట్టిగా అరిచే బజారులో ఒకడు నోరు మూసుకుని నిలబడితే, చూపు వాడి మీదికే పోతుంది. కవర్ ఆకర్షించటం అంటే కేక వెయ్యటం ఒకటే కాదని నాకు ఆ పూట తెలిసింది.

మూడోది 2013 ఆగస్టు కవర్. అది చూడగానే గదిలో మాటలు ఆగిపోయాయి. చెదిరిన జుట్టుతో అందమైన కుర్రాడు. ఏ బ్యాండ్‌లోనో పాడతాడనిపించేలా ఉన్నాడు. వాడు బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పెట్టిన ఇద్దరు అన్నదమ్ముల్లో చిన్నవాడు. ఆ పేలుళ్ళలో ముగ్గురు చనిపోయారు, వందల మందికి గాయాలయ్యాయి. ఫొటో కింద వాణ్ణి రాక్షసుడని రాశారు. లోపల కథనం కూడా వాణ్ణి పొగిడింది కాదు. అయినా అమెరికాలో జనం మండిపడ్డారు. సీవీఎస్, వాల్‌గ్రీన్స్ లాంటి పెద్ద దుకాణాలు ఆ సంచిక అమ్మబోమన్నాయి.

"ఎందుకు? కింద రాశారు కదా" అన్నాడు మా అబ్బాయి.

అబ్బా ఆ కాగితం వైపు చూడకుండానే జవాబు చెప్పారు. "అది ఏళ్ళ తరబడి గాయకులను కూర్చోబెట్టిన కుర్చీ బేటా. ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టినా ఇజ్జత్ ఇచ్చినట్టే కనపడుతుంది. కింద ఏం రాస్తే ఎవరు చదువుతారు? ముందు కన్ను చూస్తుంది. నోరు తర్వాత చదువుతుంది."

నాకు ఇంకో ఫికర్ కూడా కలిగింది. ఒక ముస్లిం కుర్రాడి ముఖం అంత పెద్దగా పత్రిక మీదికి రావాలంటే ఏం చేసి ఉండాలి? పాడేవాళ్ళు, సితార్ వాయించేవాళ్ళు, షహనాయీ ఊదేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? ఈ మాట పైకి అనలేదు. కానీ మా అమ్మాయికి కూడా అదే తట్టినట్టుంది. మర్నాడు, "నా మేగజీన్ ఖవ్వాలీ గురించి" అని చెప్పింది. పేరు 'సమా'. సమా అంటే వినటం. సూఫీల మెహఫిల్‌లో కూర్చుని దిల్ పెట్టి వినటం.

జుమేరాత్ రాత్రి దర్గాకి వెళ్ళాం. ఖవ్వాల్ సాహెబ్‌ని అడిగి, ఇజాజత్ తీసుకుని, ఆడవాళ్ళు కూర్చునే వైపు నుంచి మా అమ్మాయి ఫొటోలు తీసింది. మొదట పెద్దాయన ముఖం పెట్టి కవర్ చేసింది. ఆలాప్‌లో నోరు బాగా తెరిచి ఉన్నారు. మా ఇంట్లో మూడు లెక్కపెట్టే పరీక్ష పెడితే పక్కింటి పిల్లలు నవ్వారు. దాన్ని పక్కన పడేసింది. పాడుతుంటే ఆ ముఖంలో ఉన్న జలాల్, ఆవాజ్ లేని ఫొటోలో నవ్వులాటగా మారింది.

చివరికి వెనక కూర్చుని తాళం వేసే హమ్‌నవాల్లో ఒకాయన చేతుల ఫొటో ఎంచుకుంది. రెండు అరచేతులు దగ్గరికొస్తున్నాయి, ఇంకా కలవలేదు. మధ్యలో జానెడు ఖాళీ. వెనక అంతా నలుపు. పైన కంప్యూటర్‌లో దొరికిన నస్తాలీఖ్ అక్షరాల్లో 'సమా' అని ఉర్దూలో పెద్దగా పెట్టింది. కింద మూలన తెలుగులో చిన్నగా పెట్టింది. పేరు వెనక్కీ చేతులు ముందుకీ వచ్చేలా, కుడిచెయ్యి వేళ్ళు ఎడమ వైపుకి చాపి పేరు చివరి అక్షరం మీదికి జరిపింది. పెద్ద పత్రికలన్నీ అలాగే చేస్తాయట. గాయకుడి తల పేరులో సగం కప్పేసినా జనం గుర్తుపడతారు.

నాకు చాలా నచ్చింది. "మాషాఅల్లాహ్" అన్నాను. అబ్బాకి చూపించింది.

అబ్బా చాలాసేపు చూశారు. "చేతులు బాగున్నాయి. చప్పుడు ఇంకా రాలేదు. వినాలంటే అట్ట తిప్పాలి" అన్నారు. తర్వాత వేలు పెట్టి, "ఐన్ ఎక్కడ?" అన్నారు.

"వేళ్ళ వెనక ఉంది నానా. సగం కనపడుతోంది కదా."

"కనపడేది సగం కాదు, తోక. ఇది చదివితే సీన్, మీమ్, అలిఫ్. అంటే ఆకాశం. నువ్వు వినటం అని రాసి, ఐన్ కప్పేసి ఆకాశం చేశావు."

మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. అయినా ఊరుకోలేదు. "నానా, ఈ కవర్ చూసేవాళ్ళలో నూటికి తొంభై మందికి ఉర్దూ రాదు. వాళ్ళు చదవరు, చూస్తారు. ఆ వంపులు చూస్తేనే ఇది ఖవ్వాలీ పత్రిక అని తెలిసిపోతుంది. అంతవరకు చాలు."

"చదవని హర్ఫ్ గోడ మీద బేల్‌బూటా బేటీ" అన్నారు అబ్బా. కోపంగా కాదు. చాలా మెల్లగా అన్నారు. లేచి వెళ్ళి వజూ చేసుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మాయి అన్నదాంట్లో అబద్ధం లేదు. మా పిల్లలు ఇంట్లో ఉర్దూ గడగడా మాట్లాడతారు, చదవటం రాదు. ఆ అమ్మాయిని అనటం దేనికి, ఐన్ లేదని నేను కూడా చూడలేదు కదా! కాతిబ్ కూతుర్ని. అబ్బా నన్ను తెలుగు మీడియంలో వేశారు. మా చిన్నప్పటి వీధిలో ఉర్దూ బడి ఐదో తరగతితో ఆగిపోయేది. "తెలుగు చదివితే నౌకరీ వస్తుంది" అన్నారు. వచ్చింది. ఇవాళ తెలుగు టీచర్‌గా జీతం తీసుకుంటున్నాను. అలిఫ్ బే నేర్చుకుని ఖురాన్ చదవగలను. కానీ చిక్కగా అల్లుకున్న నస్తాలీఖ్ ముందు నేను కూడా మా అమ్మాయిలాగే బొమ్మ చూస్తాను.

అబ్బా రోజీ పోయింది కూడా ఇలాంటి మలుపులోనే. 1981లో లాహోర్‌లో 'జంగ్' పత్రిక కంప్యూటర్ మీద నస్తాలీఖ్ అచ్చు వేసిందని విన్నప్పుడు ఛత్తా బజార్‌లో నవ్వుకున్నారట. ఆ అక్షరాలు తయారు చేసిన మీర్జా అహ్మద్ జమీల్ దానికి తన వాలిద్ పేరు మీద 'నూరీ' అని పేరు పెట్టారు. ఆ వాలిద్ కూడా ఖుష్‌నవీసే. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఇక్కడ ఎవరూ నవ్వలేదు. బటర్ పేపర్ మీద రెండు రోజులు పట్టే పని రెండు గంటల్లో అయిపోయేది. చెన్నైలో 1927 నుంచి చేత్తో రాసి తెచ్చిన 'ముసల్మాన్' లాంటి పత్రికలు ఒకటీ అరా మిగిలాయి. అబ్బా తన ఖలాలు, దవాత్ రేకు డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించారు. ఎవర్నీ నిందించలేదు. కానీ ఆ డబ్బా ఎవర్నీ తియ్యనివ్వలేదు కూడా.

మర్నాడు మగ్రిబ్ తర్వాత మా అమ్మాయి అబ్బా పక్కన వెళ్ళి కూర్చుంది. "నానా, మీరు రాసివ్వండి. ఐన్ కప్పను" అంది.

అబ్బా కుడిచెయ్యి ముందుకు చాపి చూపించారు. వేళ్ళు వణుకుతున్నాయి. రెండేళ్ళుగా చాయ్ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకుంటున్నారు. "నా వల్ల కాదు. నువ్వే రాయి" అన్నారు. మా అబ్బాయితో అటక మీది డబ్బా దింపించారు.

పదకొండు సాయంత్రాలు పట్టింది. మొదటి మూడు రోజులు నుఖ్తాలే. రెల్లు ఖలం మొన వెడల్పుకి ఒక చుక్క. ఆ చుక్కే కొలబద్ద. నస్తాలీఖ్‌లో అలిఫ్ మూడు నుఖ్తాల ఎత్తు. మిగతా వంపులన్నిటికీ కూడా లెక్క ఉంది. "కంప్యూటర్‌లో గ్రిడ్ అంటాం నానా, ఇది అదే" అని మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. సీన్‌ని పళ్ళతో రాయొచ్చు, పళ్ళు లేకుండా పొడుగ్గా లాగి కషీదాగానూ రాయొచ్చు. అబ్బా లాగమన్నారు. "చేతుల మధ్య ఖాళీ ఉంది కదా, దాని పైన సీన్ పొడుగ్గా పోవాలి. కన్ను దాని మీద నడుచుకుంటూ వెళ్ళి ఐన్ దగ్గర ఆగుతుంది" అన్నారు. ఏ డిజైన్ కాలేజీకీ వెళ్ళని మనిషి! మా అమ్మాయి నా వైపు చూసింది.

చివరి కవర్ వేరేగా వచ్చింది. పైన పేషానీలో తెలుగు 'సమా' పెద్దగా, తేటగా పెట్టింది. నడిచిపోయేవాడు చదవగలిగే అక్షరాలు అవే. కొత్త పత్రిక పేరు ఎవరికీ తెలీదు కాబట్టి దాని మీద ఏదీ కప్పలేదు. దాని కింద, చేతుల పైన, తను రాసిన ఉర్దూ సమా. సీన్ కొంచెం వంకరపోయింది. ఐన్ పూర్తిగా ఉంది. ఎడమ పక్క ఒకే ఒక లైను పెట్టింది, వెనక కూర్చుని తాళం వేసేవాళ్ళ కథ లోపల ఉందని.

మార్కులు మామూలుగా వచ్చాయి. నలుపు ఎక్కువైందన్నారట. కవర్లన్నీ కాలేజీ వరండాలో తగిలించారు. సాయంత్రం తీసేటప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ చాచా దాని ముందు ఆగి, పెదాలు కదుపుతూ హర్ఫ్ హర్ఫ్ కూడబలుక్కుని "సమా" అన్నారట. "ఇది ఎవరు రాశారమ్మా?" అని అడిగారట. మా అమ్మాయి ఇంటికొచ్చి ముందు చెప్పింది మార్కులు కాదు, ఈ మాటే. అబ్బా ఏమీ అనలేదు. ఖలం మొన తుడిచి డబ్బాలో పెట్టారు. డబ్బా మాత్రం అటక ఎక్కలేదు, తఖ్త్ కిందే ఉంది.

ఇప్పుడు మగ్రిబ్ తర్వాత నేను కూడా కూర్చుంటున్నాను. నా అలిఫ్ ఇంకా రెండున్నర నుఖ్తాల దగ్గరే ఆగిపోతోంది.

మీ ఇంట్లో బీరువా అడుగున ఎక్కడో అమ్మీ అబ్బాల షాదీ రుఖ్ఖా ఉంటుంది. పాత రిసాలా ఒకటి ఉంటే ఉంటుంది. ఒకసారి తీసి సర్‌వరఖ్ చూడండి. మొదట ఎక్కడ మీ కన్ను ఆగిందో చూడండి. అక్కడ ఎవరో ఒకాయన నుఖ్తాలు లెక్కపెట్టి రాసి ఉంటారు. ఆయన పేరు ఎక్కడా ఉండదు. కనీసం రాసింది ఏమిటో పిల్లల చేత చదివించండి. మీకు రాకపోతే, వచ్చిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే అడగండి.